‘మా ఉద్దేశం అది కాదు’ అంటే సరిపోతదా? సాగర్ నుంచి పోలవరం దాకా



పోస్టు పొడుగ్గానే ఉంటది. బస్సులో కూర్చున్నప్పుడు చదవండి, లేకుంటే రాత్రి మెస్ అయినంక చదవండి. కానీ చివరిదాకా చదవండి, తప్పుంటే కామెంట్ల చెప్పండి.

మేముండేది తుర్కయంజాల్ల. ఎల్బీనగర్ నుంచి బీఎన్ రెడ్డి నగర్ మీదుగా ఇటు వచ్చే రోడ్డును అందరూ సాగర్ రోడ్డు అనే అంటరు. ఇదే రోడ్డు మీద రోజూ దిల్‌సుఖ్‌నగర్ కోచింగులకు, కాలేజీలకు పోయొస్తం. మాలో కొందరిది దేవరకొండ వైపు, కొందరిది నల్లమల అంచు, కొందరిది భద్రాచలం వైపు. మా ఇండ్లల్ల కాలేజీ దాకా వచ్చినోళ్లం మేమే మొదలు. ఏదన్నా అర్థం కాకపోతే ఇంట్ల అడగనీకి ఎవరూ లేరు, ఒకరి పుస్తకం ఇంకొకరం చదివి మాట్లాడుకుంటం.

సివిల్స్‌కు చదివే సీనియర్ల ఎథిక్స్ నోట్సులో ఒక ప్రశ్న కనబడ్డది. మంచి కోసం ఒక పని చేస్తం. దాని వల్ల కొందరికి నష్టం అయితదని ముందే తెలుసు. ఆ నష్టం మనం కోరుకున్నది కాదు, కానీ తెలిసీ చేస్తం. అప్పుడు ‘మా ఉద్దేశం అది కాదు’ అనే మాట ఎంతవరకు చెల్లుతది? పుస్తకంల ఇది రైలు పట్టాల లెక్కలాగ ఉంటది. మనకైతే ఇది మన ఊళ్ల చరిత్ర. అందుకే రాస్తున్నం.

ముందు ఆ సూత్రం ఎక్కడిదో చూద్దాం. 13వ శతాబ్దంలో ఇటలీకి చెందిన థామస్ అక్వినాస్ అనే క్రైస్తవ పండితుడు ఆత్మరక్షణ గురించి రాస్తూ దీనికి పునాది వేశాడు. ఒకడు మన మీద చంపడానికి వచ్చాడు. మన ప్రాణం కాపాడుకోవడానికి కొట్టినం, వాడు చచ్చిపోయాడు. పని ఒకటే, ఫలితాలు రెండు. ఒకటి మనం కోరుకున్నది, రెండోది దాని పక్కన వచ్చి పడ్డది. అవసరానికి మించి కొట్టకపోతే అది తప్పు కాదని ఆయన అన్నాడు. తర్వాత వచ్చిన వాళ్లు దీనికి నాలుగు షరతులు కట్టారు. చేసే పని స్వతహాగా చెడ్డది కాకూడదు. చెడు ఫలితాన్ని కోరుకోకూడదు. చెడు ద్వారా మంచిని సాధించకూడదు, అంటే చెడు అనేది మెట్టు కాకూడదు. వచ్చే మంచి జరిగే చెడుకు తగినంత పెద్దగా ఉండాలె.

ఆధునిక కాలంలో ఈ చర్చను మళ్లీ లేపింది ఫిలిప్పా ఫుట్ అనే బ్రిటిష్ తత్వవేత్త. కట్టడి తప్పిన ట్రాం బండి, ఒక పట్టా మీద ఐదుగురు, ఇంకో పట్టా మీద ఒక్కడు అనే ఉదాహరణ ఆమెదే. ఆ వ్యాసం 1967లో వచ్చింది. అదే 1967 ఆగస్టు 4న మన దగ్గర ఇందిరాగాంధీ నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఒకదానికి ఒకటి సంబంధం లేదు, తారీఖులు అట్ల కలిసినయి అంతే. కానీ వాళ్లు అక్కడ ఉదాహరణగా ఊహించుకున్నదాన్ని మనోళ్లు ఇక్కడ బతికి చూశారు. అందుకే ఈ రెండూ పక్కపక్కన పెట్టి చదవాలనిపించింది.

సాగర్‌తోనే మొదలుపెడదాం. 1955 డిసెంబర్ 10న నెహ్రూ దీనికి శంకుస్థాపన చేశారు. ఎడమ కాలువ, కుడి కాలువ కలిపి నల్గొండ, ఖమ్మం, కృష్ణా, గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో 20 లక్షల ఎకరాలకు పైగా ఆయకట్టు. కరువు నేలలో వరి పండింది. దీన్ని చిన్నగా చూపిస్తే అది అబద్ధం అయితది. ‘పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం’ అని సామెత ఉంది. డ్యాముకు ఆ సామెత సరిపోదు. డ్యాము ఎవరి చెలగాటం కాదు, నిజమైన అవసరం. అందుకే ప్రశ్న కూడా కష్టమైంది.

ఆ నీళ్ల కింద ఉన్నది నాగార్జునకొండ లోయ. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి అక్కడిదే. స్తూపాలు, విహారాలు, ఆటల మైదానం, శాసనాలు అన్నీ మునిగిపోతయని డ్యాము అనుకున్నప్పుడే తెలుసు. మరి ఏం చేశారు? 1954లోనే, అంటే శంకుస్థాపన కన్నా ముందే, పురావస్తు శాఖ తవ్వకాలు మొదలుపెట్టింది. ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో 1960 దాకా లోయంతా తవ్వారు. ముఖ్యమైన కట్టడాలను విప్పి తీసుకపోయి కొండ మీద, అనుపు దగ్గర మళ్లీ కట్టారు. ఆ కొండ కొన ఇప్పుడు ద్వీపం, దాని మీద మ్యూజియం ఉంది. టూర్లకు పోయినోళ్లు లాంచీలో పోయి చూసే ఉంటరు.

ఇది మంచి పని. చరిత్ర చదివే వాళ్లం కాబట్టి మనమే మెచ్చుకోవాలె. కానీ దీంట్లో మనకు ఒక కొలబద్ద దొరుకుతది. నష్టం అయితదని ముందే తెలిసినప్పుడు, ఆ నష్టం మీద నిజంగా పట్టింపు ఉంటే, పని మొదలవ్వకముందే డబ్బు, మనుషులు, ఏండ్ల సమయం పెట్టవచ్చు. పెట్టారు కూడా. రాళ్ల విషయంలో రాజ్యానికి చేతనైంది. మరి మనుషుల విషయంలో అదే శ్రద్ధ కనబడ్డదా అన్నది చూడాలె.

ఇది మన దగ్గరే కాదు. ఈజిప్టులో అస్వాన్ హై డ్యాము కట్టినప్పుడు అబూ సింబెల్ గుడులను 1964 నుంచి 1968 దాకా యునెస్కో కోసి, పైకి ఎత్తి, మళ్లీ నిలబెట్టింది. ప్రపంచమంతా చందాలు ఇచ్చింది. అదే నీళ్లల్ల ఊళ్లు పోయిన నూబియా ప్రజలను నైలు ఒడ్డు నుంచి లేపి దూరం పంపారు. వాళ్ల గురించి ప్రపంచంలో ఎంతమందికి తెలుసు?

మళ్లీ కృష్ణ మీదికి వద్దాం. సాగర్‌కు ఎగువన శ్రీశైలం. దాని రిజర్వాయర్ కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో దాదాపు 100 ఊళ్లు మునిగినయి. అక్కడ పోయినోళ్లలో అన్ని కులాల వాళ్లు ఉన్నరు, ఇది ఒక్క గిరిజనుల కథ కాదు. శంకుస్థాపన 1963లో. ఊళ్లు ఖాళీ చేయించింది 1981లో. నడుమ 18 ఏండ్లు ఉన్నయి. అన్ని ఏండ్లు చేతిలో ఉండి కూడా చివరికి జరిగింది ఇండ్లు కూలగొట్టి పంపడం. దానికి పెట్టిన పేరే ‘ఆపరేషన్ డిమాలిషన్’. నిర్వాసిత కుటుంబానికి ఒక ఉద్యోగం అన్న జీవో 98 వచ్చింది 1986లో, అంటే ఊళ్లు పోయిన 5 ఏండ్లకు. ఆ జీవో కింద ఉద్యోగాల కోసం ధర్నాలు ఆ తర్వాత కూడా ఏండ్ల తరబడి నడిచినయి.

ఎందుకిట్ల అయింది? అధికారులు అందరూ చెడ్డవాళ్లని చెప్పడం సులువు, కానీ అది చరిత్ర కాదు. అసలు సంగతి చట్టంలో ఉంది. అప్పుడు నడిచింది 1894 నాటి భూసేకరణ చట్టం, ఇంగ్లీషోళ్ల కాలంది. ‘ప్రజా ప్రయోజనం’ అని రాస్తే భూమి తీసుకోవచ్చు. పట్టా ఉన్నోడికి పైసలు ఇస్తే లెక్క తీరినట్టే. పునరావాసం ఇచ్చి తీరాలన్న నిబంధన దాంట్లో లేదు. కౌలు రైతు, కూలోడు, పోడు కొట్టుకునేటోడు, అడవిలో తునికాకు, ఇప్పపువ్వు ఏరుకునేటోడు ఆ చట్టం కంటికి ఆనలేదు. అంటే ముందే తెలిసిన నష్టంలో సగం లెక్కలోకే రాలేదు. నష్టాన్ని చూడటం అన్నది కండ్ల పని మాత్రమే కాదు, రిజిస్టర్ పని కూడా. రిజిస్టర్‌లో గడి లేకపోతే ఎదురుగ ఉన్న మనిషి కూడా కనబడడు.

ఇంక పోలవరం. సూత్రాన్ని పరీక్షించడానికి ఇంతకంటే సరైన కేసు మనకు దొరకదు. ఎందుకంటే ఇక్కడ నష్టం అడుగులల్ల కొలిచి ఉంది. 1980లో గోదావరి ట్రిబ్యునల్ తీర్పులోనే పోలవరం పూర్తి నీటిమట్టం 150 అడుగులు అని ఖాయమైంది. మీటర్లల్ల చెప్పాలంటే 45.72. ఆ ఎత్తున పటం మీద గీత గీస్తే ఏ ఊరు లోపల, ఏ ఊరు బయట అన్నది తెలిసిపోతది. వరదలాగ, భూకంపంలాగ అకస్మాత్తుగా వచ్చేది కాదు ఇది. గీత లోపలున్న ఊరికి ‘ముంపు ఊరు’ అని పేరు పడ్డది. నీళ్లు రాకముందే ఆ పేరు వచ్చింది.

పనులు 2004 తర్వాత జోరందుకున్నయి. 2014లో విభజన చట్టంలో జాతీయ ప్రాజెక్టు అయింది. అదే ఏడాది ఖమ్మం జిల్లాలోని కుక్కునూరు, వేలేరుపాడు, కూనవరం, చింతూరు, వి.ఆర్.పురం మండలాలను పూర్తిగా, భద్రాచలం, బూర్గంపాడు మండలాల్లో కొంత భాగాన్ని ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. ప్రభుత్వ లెక్కలోనే నిర్వాసిత కుటుంబాలు లక్షకు పైగా. అందులో దాదాపు సగం గిరిజన కుటుంబాలే, కోయలు, కొండరెడ్లు. మంచి వైపు కూడా రాయాలె: 194 టీఎంసీల నిల్వ, 7 లక్షల ఎకరాలకు పైగా కొత్త ఆయకట్టు, 960 మెగావాట్ల కరెంటు, విశాఖకు నీళ్లు, కృష్ణా డెల్టాకు 80 టీఎంసీలు.

2022 జూలైలో గోదావరి భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది. 1986 తర్వాత అంత పెద్ద వరద అదే. అప్పటికి పోలవరం దగ్గర నదికి అడ్డంగా ఎగువ కాఫర్ డ్యాము లేచి, నీళ్లు స్పిల్‌వే మీదుగా పోతున్నయి. కూనవరం, వి.ఆర్.పురం, వేలేరుపాడు, కుక్కునూరు ఊళ్లు రోజుల తరబడి నీళ్లల్ల ఉన్నయి. దాంట్లో వరద ఎంత, కట్ట వల్ల ఎగదన్నింది ఎంత అని ఇంజినీర్లు, రెండు రాష్ట్రాలు ఇంకా వాదించుకుంటనే ఉన్నయి. కానీ ఒక విషయానికి వాదన అవసరం లేదు. ఆ ఊళ్లు ముంపు గీతలో ఉన్నయని 1980 నుంచి తెలుసు. 42 ఏండ్ల తర్వాత కూడా చాలా కుటుంబాలు ఇంకా ఆ ఊళ్లల్లనే ఉన్నయి. పరిహారం పూర్తిగా అందలేదు, ఆర్ అండ్ ఆర్ కాలనీలు పూర్తికాలేదు. సిమెంటు పనికి తారీఖు ఉంది, మనుషుల పనికి తారీఖు జరుగుకుంట పోయింది.

ఇప్పుడు ఆ నాలుగు షరతులు పెట్టి చూద్దాం. డ్యాము కట్టడం స్వతహాగా చెడ్డ పనా? కాదు. కోయ ఊళ్లు మునగాలని ఎవరన్నా కోరుకున్నరా? లేదు. ఆ లోయల ఒక్క మనిషి లేకున్నా డ్యాము పనిచేస్తది, ఇంకా సులువుగా పనిచేస్తది. కాబట్టి మనుషుల కష్టం వాళ్ల ఉద్దేశం కాదన్న మాట నిజమే. ఇక్కడిదాకా ప్రభుత్వం వైపు వాదన నిలబడతది.

మూడో షరతు దగ్గర మాకు చిక్కు పడ్డది. మనుషుల కష్టం మెట్టు కాకపోవచ్చు, కానీ మనుషుల నేల మెట్టే. 194 టీఎంసీలు నిలవడానికి గిన్నె కావాలె. ఆ గిన్నె ఏది? మన లోయే. ఊరు మునగడం అనేది డ్యాము పక్కన పొరపాటున పడ్డ నీడ కాదు. నీళ్లు నిలవడం, ఊరు మునగడం ఒకే సంగతికి రెండు పేర్లు. రోడ్డు వేస్తుంటే దుమ్ము లేచి పక్కింటోళ్లకు దగ్గు వస్తే అది పక్క ఫలితం. పక్కింటినే తీసుకొని రోడ్డు వేస్తే దాన్ని పక్క ఫలితం అనరు, తీసుకోవడం అంటరు.

ఈ తేడా మాటల తేడా అనుకోకండి. దీని మీదనే మనకు రావాల్సింది ఏందో తేలుతది. పక్క ఫలితమైతే ‘పాపం, వీళ్లకు ఏదన్నా ఇద్దాం’ అన్న ధోరణి వస్తది. అది సాయం అయితది, ఎప్పుడిచ్చినా ఇచ్చినట్టే. మన నేల లేనిదే ప్రాజెక్టు లేదంటే మాత్రం మనం బాధితులం మాత్రమే కాదు, పెట్టుబడి పెట్టినోళ్లం. అప్పుడు అడగాల్సింది వాటా. విచిత్రం ఏందంటే చట్టమే ఈ మాట సగం ఒప్పుకున్నది. 2013లో పాత చట్టం పోయి కొత్త భూసేకరణ చట్టం వచ్చింది. సాగునీటి ప్రాజెక్టు కోసం భూమి పోయిన కుటుంబానికి వీలైనంత వరకు అదే ప్రాజెక్టు ఆయకట్టులో భూమి ఇవ్వాలని, ఎస్సీ ఎస్టీలకైతే పోయినంత భూమి లేదా రెండున్నర ఎకరాలు, ఏది తక్కువైతే అది ఇవ్వాలని దాని రెండో షెడ్యూల్‌లో ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో భూసేకరణ చివరి మార్గంగానే ఉండాలని, గ్రామసభ సమ్మతి కావాలని 41వ సెక్షన్‌లో ఉంది. 1996 నాటి పెసా చట్టం కూడా గ్రామసభను ముందే సంప్రదించాలని చెప్పింది. ‘వీలైనంత వరకు’ అన్న మాట దగ్గరే అంతా జారిపోతది. ఆ మాటను పట్టుకొని నిలదీయడం మన పని.

అమెరికన్ రచయిత మైఖేల్ వాల్జర్ 1977లో యుద్ధ నీతి గురించి రాస్తూ ఈ సూత్రానికి ఒక మాట కలిపాడు. సామాన్యులు చావాలని కోరుకోకపోవడం ఒక్కటే సరిపోదు, వాళ్లకు నష్టం తగ్గించడానికి సైనికుడు తన మీద కొంత కష్టం వేసుకోవాలె, అప్పుడే అతని ఉద్దేశం మంచిదని నమ్మవచ్చు. మాకు ఇది బాగా నచ్చింది. ఉద్దేశం అనేది గుండెల ఉంటది, ఎవరికీ కనబడదు. ఖర్చు మాత్రం కనబడతది. నాగార్జునకొండ రాళ్ల కోసం పెట్టిన ఆరేండ్లు కనబడతయి. పోలవరంలో ఒకే పెద్ద డ్యాము బదులు చిన్న బ్యారేజీలు కట్టి ముంపు తగ్గించవచ్చని రిటైర్డ్ ఇంజినీర్ టి. హనుమంతరావు లాంటి వాళ్లు ప్రత్యామ్నాయాలు చెప్పారు. అవి సరైనవా కావా అన్నది ఇంజినీర్లు తేల్చాలె. వాటిని కాదన్నప్పుడు ఆ కాదన్న ఖర్చు ఎవరి మీద పడ్డదో మాత్రం మనమే లెక్క రాయాలె.

నాలుగో షరతు: మంచి పెద్దదా, చెడు పెద్దదా? ఇక్కడ ఎప్పుడూ పెద్ద అంకె గెలుస్తది. లక్షల ఎకరాల ముందు కొన్ని వందల ఊళ్లు చిన్నగా కనబడతయి. ఒక్కసారి అయితే ఏమో అనుకోవచ్చు. కానీ 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో మనం 8.6 శాతం. ప్రాజెక్టుల కింద నిర్వాసితులైనోళ్లలో మాత్రం మనం 40 శాతం దాకా ఉంటమని అంచనాలు. ప్రపంచ డ్యాముల కమిషన్ 2000లో ఇచ్చిన నివేదికలో ప్రపంచమంతా పెద్ద డ్యాముల కింద 4 కోట్ల నుంచి 8 కోట్ల మంది ఊళ్లు విడిచారని అంచనా వేసింది, అందులో ఆదివాసులే ఎక్కువగా నష్టపోయారని కూడా చెప్పింది. ప్రతిసారి తక్కెడ ఒకే దిక్కు మొగ్గితే, తూకం వేసే చేతిని కూడా చూడాలె. ట్రాం బండి ఉదాహరణలో ఆ ఒక్క మనిషి ఎవరన్నా కావచ్చు. మన దగ్గర ఆ పట్టా మీద ఎప్పుడూ ఒకే ఇంటోళ్లు ఉంటరు. ఫిలిప్పా ఫుట్ కూడా చివరికి తేల్చింది ఏందంటే, నలుగురికి సాయం చేయాల్సిన బాధ్యత కన్నా ఒకరికి హాని చేయకూడదన్న బాధ్యత బరువైనది అని.

‘మరి డ్యాములే వద్దంటారా? మీరు తాగే నీళ్లు ఎక్కడివి?’ అని అడిగేటోళ్లు ఉంటరు. సరైన ప్రశ్నే, తప్పించుకోవద్దు. 2004 నుంచి హైదరాబాద్‌కు వస్తున్న కృష్ణా నీళ్లు సాగర్ జలాశయానివే. అక్కంపల్లి నుంచి కోదండాపూర్, అక్కడి నుంచి మన పక్కనున్న సాహెబ్‌నగర్ దాకా పైపులైన్. మూడు దశల్లో కలిపి ఏడాదికి 16.5 టీఎంసీలు. మా హాస్టల్ ట్యాంకుల ఒకరోజు బోరు నీళ్లు, ఒకరోజు కృష్ణా నీళ్లు. అంటే ఒక నది దగ్గర మునిగిన వైపు ఉన్నం, ఇంకో నది దగ్గర తాగే వైపు ఉన్నం. అందుకని నోరు మూసుకోవాలని మేము అనుకోం. తాగే వైపు ఉన్నోళ్లకే బాకీ ఉంటది. ఆ బాకీ గుర్తుచేయడానికి రెండు వైపులా తెలిసిన మనకంటే తగినోళ్లు ఎవరున్నరు?

అందుకే, ఇక ముందు డ్యాము కానీ, గని కానీ, పులుల అడవి కానీ, ఏ ప్రాజెక్టు పేరు విన్నా గ్రామసభలో మూడు ప్రశ్నలు అడగాలని మేము అనుకుంటున్నం. నష్టం అయితదని మీకు ఎప్పటి నుంచి తెలుసు, కాగితం తారీఖు చూపించండి. తెలిసినప్పటి నుంచి ఇప్పటిదాకా మా కోసం ఏం ఖర్చు పెట్టారు, ఏం మార్చారు. వచ్చే లాభంలో మా వాటా ఏది, అది ఊరు ఖాళీ చేయకముందే వస్తదా. ‘ఉద్దేశం మంచిదే’ అని జవాబు వస్తే ఒప్పుకుందాం, ఒప్పుకొని మళ్లీ ఈ మూడే అడుగుదాం.

గ్రూపుల ముంపు మండలాల వాళ్లు చాలామంది ఉన్నరని తెలుసు. మీ ఊళ్లకు మొదటిసారి సర్వే ఎప్పుడు వచ్చింది, నోటీసు ఏ ఏడాది ఇచ్చారు, ఇంకా ఇవ్వంది ఏముంది అన్నది పెద్దమనుషులను అడిగి ఇక్కడ రాయండి. పాత నోటీసు ఇంట్ల ఉంటే ఫోటో తీసి దాచిపెట్టుకోండి, చెదలు పట్టకముందే. తారీఖులు ఉంటేనే ‘మాకు తెలియదు’ అన్న మాట ఆగుతది.

జోహార్.
తుర్కయంజాల్ హాస్టల్ విద్యార్థులం